గ్యాలన్ లెక్కకు అందని రహదారి

అమెరికాలో ఒక గ్యాలన్ (సుమారు 3.8 లీటర్లు) పెట్రోలు పోయించుకుంటే అందులో 18.4 సెంట్లు కేంద్ర ప్రభుత్వ పన్ను. డీజిల్ అయితే 24.4 సెంట్లు. ఈ రేట్లు 1993 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. అప్పటినుంచి తారు ధర పెరిగింది, ఉక్కు ధర పెరిగింది, కూలి రేట్లు పెరిగాయి, రోడ్డెక్కే ట్రక్కుల సంఖ్య పెరిగింది. పన్ను మాత్రం ఉన్నచోటే ఉంది. ధరల పెరుగుదలతో ముడిపెట్టకుండా వదిలేసిన పన్ను కావడంతో దాని కొనుగోలు శక్తి సగానికి పైగా కరిగిపోయింది. రాష్ట్రాల రహదారుల దుస్థితి మీద అక్కడ జరిగే ప్రతి చర్చా తిరిగి తిరిగి ఈ అంకె దగ్గరికే వస్తుంది. పన్ను చాలడం లేదన్న మాట నిజమే గానీ, అది సగం కథ. ఆ పన్ను దేన్ని కొలుస్తుందన్న దాంట్లోనే అసలు చిక్కు ఉంది. అది గ్యాలన్లను కొలుస్తుంది. రోడ్డు పాడవడానికీ, రోడ్డు మీద మనుషులు చనిపోవడానికీ గ్యాలన్లతో ఉన్న సంబంధం అంతంత మాత్రమే.

ముందు యాజమాన్యం సంగతి. రాష్ట్రాలను కలుపుతూ, ఎరుపు, నీలం డాలు గుర్తుతో కనిపించే ఇంటర్‌స్టేట్ రహదారులు కేంద్రానివని చాలామంది అనుకుంటారు. అవి రాష్ట్రాల ఆస్తి. వాటిని కట్టించేది, గుంతలు పూడ్చేది, శీతకాలంలో మంచు ఎత్తిపోసేది ఆయా రాష్ట్రాల రవాణా శాఖలే. కేంద్రం డబ్బిస్తుంది, ప్రమాణాలు విధిస్తుంది. దేశంలోని 40 లక్షల మైళ్లకు పైబడిన రోడ్లలో ఇంటర్‌స్టేట్‌లు ఒక శాతం కన్నా కాస్త ఎక్కువ. అయినా మొత్తం వాహన ప్రయాణంలో దాదాపు పావు వంతు వాటి మీదే సాగుతుంది. ఆ తర్వాత రాష్ట్ర రహదారులు, వాటి కింద కౌంటీ (మన జిల్లా లాంటి విభాగం) రోడ్లు, నగర వీధులు వస్తాయి. ఈ పంపకం అన్ని రాష్ట్రాల్లో ఒకే తీరుగా లేదు. మహామాంద్యం రోజుల్లో కౌంటీలు చేతులెత్తేయడంతో ఉత్తర కరోలినాలో 1931లో వాటి రోడ్ల భారమంతా రాష్ట్రం నెత్తిన పడింది. నేటికీ ఆ రాష్ట్రం సుమారు 80 వేల మైళ్లు చూసుకుంటోంది. దానికి అయిదు రెట్ల విస్తీర్ణం ఉన్న టెక్సస్ రాష్ట్ర శాఖ చేతిలో ఉన్నవీ దాదాపు అన్నే మైళ్లు. కాలిఫోర్నియా శాఖ చేతిలో ఉన్నవి 15 వేల మైళ్లే. ఏ రాష్ట్రం మైలుకు ఎంత ఖర్చు పెడుతోందో పోల్చే పట్టికలు తరచూ వస్తుంటాయి. ఒకచోట పల్లె బాటలు కూడా లెక్కలో చేరితే, మరోచోట ఎనిమిది వరసల రహదారులే చేరతాయి. అలాంటి పట్టికతో తేలేది పెద్దగా ఉండదు.

ఇంధనం మీద పన్ను వేసి ఆ డబ్బుతో రోడ్లు వేయాలన్న ఆలోచన మొదట అమలు చేసింది ఓరెగాన్. 1919లో గ్యాలన్‌కు ఒక సెంటు విధించింది. పదేళ్లు తిరిగేసరికి మిగిలిన రాష్ట్రాలన్నీ అదే బాట పట్టాయి. అప్పటి పరిస్థితికి అది తెలివైన పన్ను. ఎక్కువ తిరిగే బండి ఎక్కువ తాగుతుంది, ఎక్కువ చెల్లిస్తుంది. వసూలుకు ఇల్లిల్లూ తిరగనక్కరలేదు, కొద్దిమంది టోకు వ్యాపారుల దగ్గర పట్టుకుంటే చాలు. కేంద్రం 1932లో ఒక సెంటు వేసింది గానీ అది రోడ్ల కోసం కాదు, మాంద్యంలో ఖాళీ అయిన ఖజానా కోసం. ఇంధన పన్నుకూ రోడ్డుకూ కేంద్ర స్థాయిలో ముడి పడింది 1956లో. అధ్యక్షుడు ఐజన్‌హోవర్ సంతకం చేసిన చట్టం 41 వేల మైళ్ల ఇంటర్‌స్టేట్ వ్యవస్థకు అనుమతిచ్చింది. ఖర్చులో 90 శాతం కేంద్రానిది, 10 శాతం రాష్ట్రానిది. ఆ డబ్బు కోసం హైవే ట్రస్ట్ ఫండ్ అనే ప్రత్యేక నిధిని పెట్టి, పన్నును 3 సెంట్లకు పెంచి అందులో జమ చేశారు. రోడ్డు వాడేవారే రోడ్డు ఖర్చు భరించాలన్నది సూత్రం.

ఆ సూత్రం చాలాకాలం నిలబడింది. పన్ను 1959లో 4 సెంట్లకు, 1983లో రీగన్ హయాంలో 9 సెంట్లకు పెరిగింది. పన్నుల పేరెత్తితే మండిపడే అధ్యక్షుడు కూడా రోడ్ల కోసం ఒప్పుకున్నాడన్నమాట. 1990లో, 1993లో మళ్లీ పెరిగింది. 1993 నాటి పెంపు 4.3 సెంట్లు మొదట బడ్జెట్ లోటు పూడ్చడానికే వెళ్లాయి, 1997లో గానీ వాటిని రోడ్ల నిధికి మళ్లించలేదు. అక్కడితో ఆగిపోయింది. 2008 సెప్టెంబరులో నిధి అడుగంటడంతో సాధారణ ఖజానా నుంచి 800 కోట్ల డాలర్లు సర్దారు. ఒక్కసారికే అనుకున్న ఆ సర్దుబాటు అలవాటుగా మారింది. 2021 నాటి మౌలిక వసతుల చట్టం ఒక్కటే 11,800 కోట్ల డాలర్లు ఆ నిధిలో పోసింది. మొత్తం కలిపితే 27 వేల కోట్ల డాలర్లు దాటింది. వాడేవారే భరించాలన్న సూత్రం ఇప్పుడు నిధి పేరులో మిగిలింది. లోటును పూడుస్తున్నది అప్పు తెచ్చి నడుపుతున్న సాధారణ ఖజానా.

ఎవరెంత కడుతున్నారో ఒకసారి లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. గ్యాలన్‌కు 25 మైళ్లు ఇచ్చే కారు ఏడాదికి 12 వేల మైళ్లు తిరిగితే 480 గ్యాలన్లు తాగుతుంది. కేంద్రానికి దాదాపు 88 డాలర్లు వస్తాయి. గ్యాలన్‌కు 50 మైళ్లు ఇచ్చే హైబ్రిడ్ అంతే దూరం తిరిగి 44 డాలర్లు ఇస్తుంది. విద్యుత్ కారు ఏమీ ఇవ్వదు, పైగా బ్యాటరీ మూలంగా అదే పరిమాణంలోని పెట్రోలు కారు కన్నా బరువెక్కువ. ఇక గ్యాలన్‌కు 6 మైళ్లు నడిచే పెద్ద ట్రక్కు మైలుకు సుమారు 4 సెంట్లు కడుతుంది. కారు కట్టేది మైలుకు ముప్పావు సెంటు. అంటే ట్రక్కు అయిదున్నర రెట్లు కడుతోంది. వినడానికి న్యాయంగానే ఉంది.

ఆ ట్రక్కు వల్ల రోడ్డుకు జరిగే నష్టం ఎన్ని రెట్లు? దీనికి జవాబు వెతకడానికి 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆటవా దగ్గర ఒక పెద్ద ప్రయోగం చేశారు. రకరకాల మందంతో తారు, కాంక్రీటు రోడ్లు వేసి, వాటి మీద వేర్వేరు బరువుల ట్రక్కులను సైనిక డ్రైవర్ల చేత రేయింబవళ్లు తిప్పించారు. ఏ రోడ్డు ఎప్పుడు పగులుతుందో నమోదు చేశారు. దాని నుంచి తేలిన సూత్రాన్ని రోడ్డు ఇంజినీర్లు నేటికీ వాడుతున్నారు. ఇరుసు మీది బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు. బరువును నాలుగో ఘాతానికి హెచ్చిస్తే నష్టం వస్తుందన్నమాట. కారు ఒక్కో ఇరుసు మీద మోపే బరువు సుమారు 2 వేల పౌండ్లు. ఇంటర్‌స్టేట్ మీద ట్రక్కు ఒంటి ఇరుసుకు చట్టం అనుమతించే బరువు 20 వేల పౌండ్లు. పది రెట్ల బరువు, పది వేల రెట్ల నష్టం. నేల స్వభావం, రోడ్డు రకం బట్టి ఆ ఘాతం అటూ ఇటూ అవుతుంది. అయినా అయిదున్నర రెట్ల చెల్లింపుకూ పది వేల రెట్ల నష్టానికీ మధ్య అగాధం అంత తేలిగ్గా పూడదు. భారీ ట్రక్కుల మీద ఏడాదికోసారి వేసే కేంద్ర వినియోగ పన్ను కూడా ఉంది. దాని గరిష్ఠ పరిమితి 550 డాలర్లు. ఆ అంకె 1984 చట్టంలోది.

ఓరెగాన్ ఈ దారిలో వెళ్లలేదు. 26 వేల పౌండ్లు దాటిన ట్రక్కులు అక్కడ బంకులో రాష్ట్ర డీజిల్ పన్ను కట్టవు. బదులుగా బరువును, తిరిగిన మైళ్లను బట్టి కడతాయి. కార్ల వల్ల రోడ్డుకు ఎంత ఖర్చు, ట్రక్కుల వల్ల ఎంత అని రెండేళ్లకోసారి అధ్యయనం చేయించి, ఆ నిష్పత్తిలోనే రెండు వర్గాల నుంచీ వసూలు చేయాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇటీవలి అధ్యయనాల్లో ట్రక్కులు తమ వాటాకు మించి కడుతున్నాయని తేలింది. ఆ లెక్కలు పట్టుకుని రవాణా వ్యాపారులు 2024లో కోర్టుకెక్కారు. ఇది వ్యవస్థ విఫలమైందనడానికి గుర్తుగా చూపేవారున్నారు. నిజానికి లెక్క ఉన్నచోటే లెక్క తప్పిందని కోర్టుకెళ్లడం సాధ్యమవుతుంది. మిగతా రాష్ట్రాల్లో చాలావాటికి అలాంటి లెక్కే లేదు.

మిషిగన్: నినాదానికీ నిధికీ మధ్య

ఈ చిక్కులన్నీ ఒకేచోట చూడాలంటే మిషిగన్‌ను మించిన రాష్ట్రం లేదు. అక్కడ శీతకాలం రోడ్డును లోపలి నుంచి తింటుంది. తారులో సన్నని పగులు ఏర్పడుతుంది. అందులోంచి నీరు కింది కంకర పొరలోకి దిగుతుంది. రాత్రి గడ్డకట్టినప్పుడు ఆ నీటి పరిమాణం సుమారు 9 శాతం పెరిగి పైపొరను ఎత్తుతుంది. పగలు కరిగి జారిపోతే ఎత్తినచోట బోలు మిగులుతుంది. చూడ్డానికి రోడ్డు బాగానే ఉంటుంది. బరువైన చక్రం ఎక్కగానే పైపొర లోపలికి కుంగి, ముక్కలై లేచిపోతుంది. ఒక్క శీతకాలంలో ఇది డజన్ల సార్లు జరుగుతుంది. కరిగే కాలంలో నేల మెత్తబడి ఉంటుంది కాబట్టి వసంతంలో కొన్ని వారాలపాటు చాలా రోడ్ల మీద ట్రక్కుల బరువును తగ్గిస్తారు. అదే మిషిగన్ 11 ఇరుసుల ట్రక్కును మొత్తం 1,64,000 పౌండ్లతో నడవనిస్తుంది. చాలా రాష్ట్రాల్లో పరిమితి అయిన 80 వేల పౌండ్లకు ఇది రెట్టింపు. జనం తిట్టేది ఈ ట్రక్కులనే. ఇరుసుకు పడే బరువు తక్కువే కాబట్టి రోడ్డుకు వాటి వల్ల ప్రత్యేక నష్టం లేదని రవాణా శాఖ వాదన. నాలుగో ఘాతం సూత్రం ప్రకారం ఆ వాదనలో బలముంది. వంతెనలకు మాత్రం అది అంతగా వర్తించదు, ఎందుకంటే వంతెన మోయాల్సింది మొత్తం బరువును.

2018 ఎన్నికల్లో గ్రెచెన్ విట్మర్ గవర్నర్ పదవికి పోటీ చేస్తూ రోడ్లు బాగుచేయండన్న మాటకు ఒక తిట్టు జోడించి నినాదం చేసుకుంది, గెలిచింది. 2019లో గ్యాలన్‌కు 45 సెంట్లు పెంచాలని ప్రతిపాదించింది. అప్పటి రాష్ట్ర పన్ను 26.3 సెంట్లే. శాసనసభ ససేమిరా అంది. 2020 జనవరిలో రాష్ట్ర రవాణా సంఘం ద్వారా 350 కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి వచ్చింది, దానికి శాసనసభ ఓటు అక్కరలేదు. ఆ బాండ్ల డబ్బు రాష్ట్ర పరిధిలోని పెద్ద రహదారులకే వెళ్లింది. ఇంటి ముందు గుంత చూసి ఓటేసినవారిలో చాలామంది చూసిన గుంతలు కౌంటీ రోడ్ల మీద, నగర వీధుల్లో ఉన్నాయి. అవి అలాగే ఉండిపోయాయి. 1951 నాటి చట్టం ఇంధన పన్నును రాష్ట్రానికి 39.1, కౌంటీలకు 39.1, పట్టణాలకు 21.8 శాతంగా పంచుతుంది. బాండ్లకు ఆ పంపకం వర్తించదు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. మిషిగన్‌లో బంకు దగ్గర ఇంధన పన్నుతో పాటు 6 శాతం అమ్మకపు పన్ను కూడా కట్టేవారు. అందులో అధిక భాగం బడులకు, స్థానిక సంస్థలకు వెళ్లేది. బంకులో అంత పన్ను కడుతున్నా రోడ్డు ఇలా ఎందుకుందన్న డ్రైవరు కోపానికి సగం కారణం ఇదే. 2025లో గానీ ఈ ముడి విప్పలేదు. ఇంధనం మీది అమ్మకపు పన్ను తీసేసి, దాని స్థానంలో రోడ్లకు వెళ్లే ఇంధన పన్ను పెంచారు. రోడ్ల కోసమే గంజాయి టోకు అమ్మకాల మీద 24 శాతం పన్ను కూడా తెచ్చారు. వాడేవారే భరించాలన్న 1956 నాటి సూత్రాన్ని దీనితో ఎలా పొసగించాలో చెప్పడం కష్టం.

అన్ని రాష్ట్రాలూ ఇలా పాకులాడలేదు. న్యూజెర్సీ 2016లో 14.5 సెంట్ల పన్నును ఒక్కసారిగా 37.5 సెంట్లు చేసింది. నిధి ఎండిపోయి వేసవి మొత్తం పనులు ఆగిపోయాక గానీ ఆ నిర్ణయం రాలేదు. కాలిఫోర్నియా 2017లో గ్యాలన్‌కు 12 సెంట్లు పెంచి, ఆ పన్నును ధరల సూచీతో ముడిపెట్టింది. ఆ పెంపు రద్దు చేయాలన్న ప్రతిపాదనను 2018 నవంబరులో ఓటర్లే తిప్పికొట్టారు. ఇల్లినాయ్ 2019లో 19 సెంట్ల నుంచి 38కి వెళ్లింది. రోడ్డు పన్ను పెంచితే ఓడిపోతామన్న భయం రాజకీయ నాయకుల్లో ఉన్నంతగా ఓటర్లలో కోపం ఉన్నట్టు లేదు.

ఆకులు కూల్చిన వంతెన

2022 జనవరి 28 తెల్లవారుజామున పిట్స్‌బర్గ్‌లో ఫెర్న్ హాలో వంతెన ఒక బస్సు, మరికొన్ని వాహనాలతో సహా కూలి లోయలో పడింది. ఎవరూ చనిపోలేదు. ఆ రోజే అధ్యక్షుడు బైడెన్ మౌలిక వసతుల చట్టం గురించి మాట్లాడడానికి అదే నగరానికి వస్తున్నాడు. టీవీలకు ఆ యాదృచ్ఛికం చాలింది. కూలిన కారణం మాత్రం అంత నాటకీయం కాదు. ఆ వంతెన కాళ్లు ప్రత్యేకమైన ఉక్కుతో చేసినవి. గాలికి, తేమకు పైన తుప్పు పొర ఏర్పడి, అదే కవచమై లోపలి లోహాన్ని కాపాడుతుంది, రంగు వేయనక్కరలేదు. ఒకే షరతు, ఉక్కు తడిసినా మళ్లీ ఆరాలి. వంతెన మీది నీరు పోయే రంధ్రాలు ఆకులూ చెత్తతో పూడిపోయాయి. శీతకాలంలో మంచు కరగడానికి చల్లిన ఉప్పు కలిసిన నీరు కాళ్ల మీదుగా కారుతూ నిలిచింది. కవచం ఏర్పడలేదు, తుప్పు లోపలికి తినేసింది. తనిఖీకి వచ్చినవారు ప్రతిసారీ రంధ్రాలు శుభ్రం చేయాలని రాశారు. ఏళ్లతరబడి రాశారు. జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది అదే. లోపం కనిపించింది, నివేదికకెక్కింది, చర్య మాత్రం లేదు. వంతెన ఎంత బరువు మోయగలదో లెక్కించినప్పుడు దాని మీది తారు పొర మందాన్ని ఉన్నదాని కన్నా తక్కువగా వేశారు కూడా.

చీపురు, పార పట్టుకుని చేసే పనికి డబ్బు దొరకలేదు. కూలిన తరువాత సుమారు 2.5 కోట్ల డాలర్లు దొరికాయి, ఏడాది తిరక్కుండానే కొత్త వంతెన తెరిచారు. ఇది ఒక్క నగరం నిర్లక్ష్యమని సరిపెట్టుకోవచ్చు గానీ, నిధుల అమరికలోనే ఈ వంకర ఉంది. సాధారణంగా కేంద్రం సాయం పెద్ద పనులకు, కొత్తగా కట్టడానికి, పూర్తిగా మార్చడానికి వస్తుంది. ఖర్చులో 80 శాతం దాకా కేంద్రమే భరిస్తుంది. కాలువ శుభ్రం చేయడం, పగులు పూడ్చడం లాంటి రోజువారీ నిర్వహణ రాష్ట్రం, నగరం సొంత జేబులోంచే జరగాలి. చిన్న పనిని వాయిదా వేసిన యజమానికి పెద్ద పని వేళకు సాయం అందుతుంది. ఆ పరిస్థితిలో ఏ లెక్కల గుమాస్తా అయినా వాయిదాకే మొగ్గుతాడు.

వంతెనల తనిఖీ అనే వ్యవస్థే ఒక విషాదం నుంచి పుట్టింది. 1967 డిసెంబరు 15న ఓహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జ్ ఒక ఇనుప కడ్డీలో వచ్చిన పగులుతో కూలి 46 మంది చనిపోయారు. దాని తర్వాతే రెండేళ్లకోసారి తనిఖీ నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు దేశంలోని 6.2 లక్షల పైచిలుకు వంతెనల్లో దాదాపు 42 వేలు ‘పేలవం’ అనే వర్గంలో ఉన్నాయి. తనిఖీ బాగా జరుగుతోంది కాబట్టే ఈ అంకె ఇంత కచ్చితంగా తెలుస్తోంది.

కొత్తదాని మీద మోజు రాష్ట్రాల్లో ఎంత బలంగా ఉందో చెప్పడానికి ఒక చిన్న ఉదంతం చాలు. 2021 డిసెంబరులో కేంద్ర రహదారుల విభాగం రాష్ట్రాలతో కలిసి పనిచేసే తన అధికారులకు ఒక లేఖ రాసింది. కొత్త వరసలు కలిపే ముందు ఉన్న రోడ్లను బాగుచేసే సంగతి చూడమని రాష్ట్రాలకు చెప్పండన్నది దాని సారాంశం. ఆజ్ఞ కాదు, సలహా. అనేక రాష్ట్రాలు, వాటి ప్రతినిధులు భగ్గుమన్నారు. 2023 ఫిబ్రవరిలో ఆ లేఖను వెనక్కి తీసుకున్నారు. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను దాదాపు 280 కోట్ల డాలర్లతో వెడల్పు చేసి 2008లో పూర్తిచేశారు, సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరసలు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. ఆ 26 వరసలకూ ఇప్పుడు మరమ్మతు ఖర్చు తప్పదు.

భద్రత ఏ పద్దులో ఉంది?

1972లో అమెరికా రోడ్ల మీద దాదాపు 54,600 మంది చనిపోయారు. 2011కి ఆ సంఖ్య 32 వేల పైచిలుకుకు దిగింది. సీటు బెల్టు, వాహనాల డిజైన్, తాగి నడిపేవారిపై చట్టాలు ఇందుకు కారణాలు. తరువాత దిశ మారింది. 2021లో 43 వేలు దాటింది, 2023లో సుమారు 41 వేల దగ్గర ఉంది. పాదచారుల సంగతి మరీ ఘోరం. 2009లో 4,100 మంది పోతే 2022లో 7,500 మందికి పైగా పోయారు. జనాభాలో అయిదో వంతు నివసించే గ్రామీణ ప్రాంతాల రోడ్ల మీద మరణాల్లో దాదాపు 40 శాతం జరుగుతున్నాయి. ఆ గ్రామీణ మరణాల్లో అధిక భాగం మధ్యలో డివైడర్ లేని రెండు వరసల రోడ్ల మీదివి. ఒక్కో మైలు చూస్తే ప్రమాదం ఎప్పుడో ఒకటి. ఫలానాచోట పదిమంది పోయారన్న వార్త రాదు, అందుకని ఫలానాచోట పని చేయాలన్న ఒత్తిడీ రాదు.

ఆ రోడ్లకు కావలసినవి పెద్ద నిర్మాణాలు కావు. పాత తారు మీద కొత్త పొర వేసిన ప్రతిసారీ రోడ్డు మట్టం రెండు మూడు అంగుళాలు లేస్తుంది, పక్క మట్టి లేవదు. అంచు దగ్గర నిలువుగా మెట్టు ఏర్పడుతుంది. కునుకు పట్టిన డ్రైవరు కుడి చక్రం ఆ మెట్టు దిగుతుంది. ఉలిక్కిపడి స్టీరింగ్ ఎడమకు తిప్పుతాడు. టైరు పక్కభాగం మెట్టును రాసుకుంటూ ఎక్కలేకపోతుంది. ఇంకా తిప్పుతాడు. ఒక్కసారిగా ఎక్కేసరికి చక్రాలు బాగా వంగి ఉంటాయి, వాహనం ఎదుటి వరసలోకి దూసుకుపోతుంది. తారు పరిచే యంత్రానికి ఒక అచ్చు తగిలించి అంచును 30 డిగ్రీల వాలుగా నొక్కితే టైరు మెల్లగా ఎక్కి వస్తుంది. అంతే పని. అలాగే రోడ్డు మధ్య గీత వెంబడి అర అంగుళం లోతు గాడులు కోస్తే చక్రం తగలగానే గరగరమని శబ్దం వచ్చి స్టీరింగ్ అదురుతుంది. రెండు వరసల గ్రామీణ రోడ్ల మీద ఈ గాడులు ఎదురెదురుగా ఢీకొనే తీవ్ర ప్రమాదాలను 44 నుంచి 64 శాతం తగ్గించాయని కేంద్ర రహదారుల విభాగమే చెబుతోంది. రెండువైపులే ఆగే గుర్తులున్న కూడలిని రౌండ్‌అబౌట్‌గా మారిస్తే మరణాలు, గాయాలతో కూడిన ప్రమాదాలు 82 శాతం తగ్గుతాయని కూడా. రౌండ్‌అబౌట్‌లో గుద్దుకోరని కాదు. గుద్దుకున్నా పక్క నుంచి, తక్కువ వేగంతో గుద్దుకుంటారు.

వేగ పరిమితి నిర్ణయించే పద్ధతీ చెప్పుకోదగ్గదే. దశాబ్దాలపాటు అమల్లో ఉన్న ఆనవాయితీ ప్రకారం, అడ్డంకి లేనప్పుడు నూటికి 85 మంది ఏ వేగానికి లోబడి నడుపుతారో ఆ వేగాన్నే పరిమితిగా పెట్టేవారు. రోడ్డును విశాలంగా, నిటారుగా వేస్తారు. జనం వేగంగా నడుపుతారు. దాన్ని చూసి పరిమితి పెంచుతారు. దుకాణాలు, బస్టాపులు ఉన్న రాష్ట్ర రహదారుల మీద పాదచారులు అంతమంది చనిపోవడానికి ఇదొక మూలం. 2023 డిసెంబరులో వచ్చిన జాతీయ ట్రాఫిక్ నియమావళి కొత్త కూర్పు ఆ 85కి ఉన్న పట్టు సడలించి, చుట్టుపక్కల వాడకాన్ని, పాదచారులను కూడా లెక్కలోకి తీసుకోమంది.

డబ్బు సంగతికి వస్తే, రోడ్డు భద్రత కోసం రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక పద్దు 2005లో మొదలైంది. ఇప్పుడది ఏడాదికి సుమారు 300 కోట్ల డాలర్లు. రహదారుల కోసం రాష్ట్రాలకు వాటాలుగా పంచే మొత్తంలో ఇరవయ్యో వంతుకు కాస్త ఎక్కువ. అందులోనూ సగం దాకా ఇతర పద్దులకు మళ్లించుకునే స్వేచ్ఛ రాష్ట్రాలకుంది. 2012 చట్టం ప్రతి రాష్ట్రమూ మరణాల మీద ఏటా లక్ష్యం పెట్టుకోవాలంది. లక్ష్యం తప్పితే ఆ మళ్లింపు స్వేచ్ఛ కొంత పోతుంది. దీంతో అనేక రాష్ట్రాలు ఉన్న మరణాల కన్నా ఎక్కువ సంఖ్యను లక్ష్యంగా రాసుకున్నాయి! ఎక్కువమంది చనిపోవడం లక్ష్యమా అని విమర్శ వస్తే, అది లక్ష్యం కాదు, అంచనా అన్నది వాటి సమాధానం. శిక్ష తప్పించుకునే దారి చట్టంలోనే ఉన్నప్పుడు ఆ దారినే నడిచారు. 2021 చట్టం కొంత బిగించింది. ఉన్నదాని కన్నా దిగజారే లక్ష్యాలు ఇక కుదరవంది. పాదచారులు, సైకిలు మీద వెళ్లేవారి మరణాలు మొత్తంలో 15 శాతానికి చేరిన రాష్ట్రం భద్రత పద్దులో కనీసం 15 శాతం వారి కోసమే ఖర్చు పెట్టాలంది.

ఆ చట్టం గడువు 2026 సెప్టెంబరు 30. దాని తర్వాత వచ్చే ప్రతి చట్టం ముందూ ఇంధన పన్నుకు ప్రత్యామ్నాయం ఏమిటన్న ప్రశ్న ఉంటుంది. ఎక్కువ రాష్ట్రాలు విద్యుత్ కార్ల మీద ఏటా రిజిస్ట్రేషన్ రుసుము పెట్టి ఊరుకున్నాయి. అయిదు వేల మైళ్లు తిరిగినా, పాతిక వేలు తిరిగినా అదే రుసుము. ఓరెగాన్ 2015 నుంచి, యూటా 2020 నుంచి మైలుకింత అని కట్టే పథకాలు నడుపుతున్నాయి. తాము ఎక్కడెక్కడ తిరిగామో ప్రభుత్వానికి తెలుస్తుందన్న భయం వాటికి పెద్ద అడ్డంకి. ఏడాదికోసారి మీటరు రీడింగ్ చూస్తే ఆ భయానికి చోటుండదు గానీ, పక్క రాష్ట్రంలో తిరిగిన మైళ్లకూ ఇక్కడే కట్టాల్సి వస్తుంది. ఇవన్నీ గ్యాలన్ స్థానంలో మైలును పెడుతున్నాయి. బరువు ఇంకా బయటే ఉంది.

భద్రత మాత్రం వేరే పన్ను కోసం ఎదురుచూడనక్కరలేదు. 30 డిగ్రీల అంచును అనేక రాష్ట్రాలు తారు పొర వేసే టెండరు నిబంధనల్లోనే చేర్చుకున్నాయి. మధ్య గీత గాడులు కూడా ఆ పనితో పాటే కోయించవచ్చు, ఎలాగూ యంత్రాలు, కూలీలు, ట్రాఫిక్ మళ్లింపు అక్కడే ఉంటాయి. అప్పుడు ఆ ఖర్చు భద్రత పద్దులో కనిపించదు, టన్ను తారు ధరలో కలిసిపోతుంది. అందుకే నిర్వహణకు కోత పడిన ఏడాది వాయిదా పడేది తారు పొర ఒక్కటే కాదు. ఆ అంచూ, ఆ గాడులూ దానితో పాటే వాయిదా పడతాయి. ఏ భద్రతా నివేదికలోనూ ఆ సంగతి నమోదు కాదు.